గాడిపొయ్యా, కుంపటా?

ఇలా దగ్గరకు రండర్రా. ఆ వేరుశెనక్కాయల చేట మధ్యలో పెట్టుకుని, వలుచుకుంటూ వినండి. మన బుజ్జికి కాలేజీలో సీటొచ్చింది కదా, కంప్యూటరు కొనాలి. పొద్దుట్నించీ ఇంట్లో ఇదే గొడవ. వాళ్ళ నాన్న డెస్క్‌టాప్ అంటాడు. చిన్నోడు పెద్ద గేమింగ్ ల్యాప్‌టాప్ కొనాలంటాడు. బుజ్జేమో సంచీలో పుస్తకంలా పట్టే పల్చటిది చాలంటుంది. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే. లోపల పుట్టిన వేడి ఎటు పోవాలి?

“మనం కొనేది పొయ్యి కాదుగా తాతయ్యా!” అంటున్నాడు చిన్నోడు. పొయ్యే అనుకోరా! ప్రాసెసరని ఒక చిన్న బిళ్ళ ఉంటుంది. అందులో వందల కోట్ల బుల్లి బుల్లి స్విచ్చులు, సెకనుకు కోట్లసార్లు పడుతూ లేస్తూ ఉంటాయి. పడి లేచిన ప్రతిసారీ రవ్వంత కరెంటు ఖర్చు, ఖర్చయినదంతా చివరికి వేడే. 65 వాట్లు తాగితే 65 వాట్ల వేడీ బయటికి కక్కాల్సిందే. ఊరికే కూచున్న మనిషి ఒంట్లోంచే 100 వాట్ల దాకా వేడి వస్తుంది తెలుసా? పెళ్ళివారింట్లో చిన్న గదిలో పదిమందిని పడుకోబెడితే తెల్లారేసరికి ఎందుకంత ఉక్కపోస్తుందో ఇప్పుడు అర్థమైందిగా.

పెళ్ళంటే గుర్తొచ్చింది. దొడ్లో గాడిపొయ్యి తవ్వుతారు చూశారా? పొడుగ్గా గొయ్యి తీసి, మీద గుండిగలు వరసగా ఎక్కించి, కింద మొద్దులు తోస్తారు. పొగ పోవడానికి ఆకాశమంతా ఉంది, ఊరందరికీ అన్నం ఉడుకుతుంది. డెస్క్‌టాప్ అలాంటిది. పెట్టె పెద్దది, లోపల చేటంత ఫ్యాన్లు, వేడిని పీల్చే అల్యూమినియం రేకుల దొంతర. ప్రాసెసరు 65 నుంచి 125 వాట్లు తిన్నా, పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 300 వాట్లు తిన్నా నిబ్బరంగా ఉంటుంది. పల్చటి ల్యాప్‌టాప్ మన అమ్మమ్మ కుంపటి. ప్రాసెసరుకు 15 వాట్ల చుట్టుపక్కల సరిపెట్టుకుంటుంది. 2020 చివర్లో ఆపిల్ వాళ్ళు తెచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్‌కైతే అసలు ఫ్యానే లేదు. కుంపటి మీద ఊరందరికీ వండలేం, నిజమే. కాఫీకి మాత్రం దాన్ని మించింది లేదు.

ఇక చిన్నోడు అడిగేది. గాడిపొయ్యిని గంపలో పెట్టి నెత్తినెత్తుకోవడంరా అది! వందా, నూటయాభై వాట్ల వేడి రెండు వేళ్ళ మందాన ఉన్న పెట్టెలోంచి బయటపడాలి. అందుకే ఫ్యాన్లు హోరెత్తుతాయి. వేడి మరీ మితిమీరితే, కాలిపోకుండా అదే తన వేగం తగ్గించుకుంటుంది. గ్రాఫిక్స్ కార్డు పేరు ఒకటే ఉన్నా, డెస్క్‌టాప్‌లో చేసినంత పని ల్యాప్‌టాప్‌లో చెయ్యదు. తప్పు బిళ్ళది కాదు, ఊపిరాడకపోవడానిది. అలాంటిదాన్ని పరుపు మీదో బొంత మీదో పెట్టారా, కింది చిల్లులు మూసుకుపోయి ఇంకా ఉడికిపోతుంది.

బ్యాటరీ లెక్కా చూడండి. విడిగా అనుమతి తీసుకోకుండా విమానంలో తీసుకెళ్ళగలిగే బ్యాటరీ 100 వాట్-అవర్ల లోపే ఉండాలి. అందుకే పెద్ద ల్యాప్‌టాపులకు కూడా దాదాపుగా అక్కడే ఆపేస్తారు. 150 వాట్లు తింటే అది 40 నిమిషాలకే సరి. బుజ్జి అడిగేది 50 వాట్-అవర్లదే అనుకో, రాతకోతలకు 6 వాట్లు తింటూ ఎనిమిది గంటలు నడుస్తుంది.

“మరీ 15 వాట్లతో ఏం పనవుతుంది?” అంటారేమో. సైకిలు తొక్కేవాళ్ళకు ఇది తెలుసు. నింపాదిగా తొక్కితే సంతకు వెళ్ళి రావచ్చు. వేగం రెట్టింపు చెయ్యి, గాలిని చీల్చడానికే ఎనిమిది రెట్లు సత్తువ కావాలి, ఫర్లాంగుకే రొప్పొస్తుంది. ప్రాసెసరూ అంతే. వేగం పెంచాలంటే వోల్టేజీ పెంచాలి. వోల్టేజీ పదో వంతు పెరిగితే వేడి ఐదో వంతు పెరుగుతుంది, వేగం తెచ్చే వేడి అదనం. అంటే ఆఖరి కాస్త వేగం కోసమే బోలెడంత వేడి. ఆ కాస్తా వదులుకుంటే కుంపటి కూడా చాలా పని చేసిపెడుతుంది. ఇది తెలిసిన రోజు నాకెంత సంతోషమేసిందో!

ఇంకో ముచ్చట. 1981లో ఆస్బర్న్-1 అని మోసుకెళ్ళే కంప్యూటరు అమ్మకానికొచ్చింది. తయారుచేయించిన ఆడమ్ ఆస్బర్న్ చిన్నతనం చాలావరకు ఎక్కడ గడిచిందనుకున్నారు? మనం గిరిప్రదక్షిణకు వెళ్ళే అరుణాచలంలోనే! వాళ్ళ నాన్న ఆర్థర్ ఆస్బర్న్ రమణ మహర్షి భక్తుడు, మహర్షి మీద పుస్తకాలు రాసినాయన. ఆ కంప్యూటరు 11 కిలోలు, తెర అయిదంగుళాలు. బ్యాటరీ లేదు, ఎక్కడికి మోసుకెళ్ళినా గోడ ప్లగ్గు వెతుక్కోవాల్సిందే. అయినా జనం ఎగబడి కొన్నారు. వెంట తీసుకెళ్ళడంలో ఉన్న సుఖం అలాంటిది.

సరే, మీ నాన్న మాటా కొట్టిపారేసేది కాదు. అదే డబ్బుకు ఎక్కువ పని చేసేది డెస్క్‌టాపే. ఒక భాగం పోతే ఆ భాగమే మార్చుకోవచ్చు, ఎడ్లబండికి చక్రం మార్చినట్టు. కరెంటు పోతే ఆగిపోకుండా యూపీయస్ ఒకటి కొనాలి, అంతే. ఒక్కచోటే కూచుని వీడియోలు కూర్చేవాళ్ళకు, పెద్ద ఆటలాడేవాళ్ళకు నేను అదే చెబుతాను. చిన్నోడు గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్నా అది బల్ల దిగదు, ఛార్జరు ఊడదు. హాస్టల్లో ఉంటూ అలాంటి బరువు పనులే చదువుగా ఉన్నవాళ్ళు మాత్రం ఆ గంప మొయ్యక తప్పదు.

బుజ్జి చదివేది కామర్సు. క్లాసుకీ లైబ్రరీకీ బస్సులోకీ వెంట రావాలి. దానికి పల్చటిదే. అమ్మలూ, రేపు కొట్లో ఊరికే మూత తెరిచి చూసి వచ్చెయ్యకు. ఓ పావుగంట ఏదన్నా పని చేయించు, తర్వాత దాని అడుగున అరచెయ్యి ఆనించు. చెయ్యి హాయిగా నిలిస్తేనే డబ్బు కట్టు.