ఇంటి కప్పు మీది గుర్తులు

రోహిణికార్తెలో రైతు నాగలి, గుంటక సరిచూచుకొనును; విత్తనము, ఎరువు తెచ్చి ఇంట చేర్చును. ధర కొరకు ఎనుమాములకు పంపక ఆపిన మిరప బస్తాలును ఆ ఇంటనే ఉండును. కప్పును మాత్రము బస్తా తడిసిన పిమ్మటనే తలయెత్తి చూచును. 2023 జూలైలో మన పొరుగున ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటలలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసినది. అట్టి వానలో కప్పు బాగుచేయుట ఎవరి తరము? చెడిన కప్పు ముందుగానే గుర్తులు చూపును. వానిని ఎండకాలముననే కనిపెట్టవలెను.

మొదట లోపలినుండి చూడుడు. మిట్టమధ్యాహ్నము తలుపులు మూసినచో పెంకుల సందులలో వెలుగు చుక్కలు కనబడును. వాసము మీద వలయములుగా గోధుమరంగు మరక ఉన్నచో అది తడిసి ఆరిన చోటు. అయితే చిల్లు అక్కడనే ఉండునని అనుకొనరాదు. పైన దిగిన నీరు వాసము వెంట జారి, రెండు మూడు మూరల దిగువన కారుటయు కలదు. కావున మరకనుండి కొప్పు వైపునకు వెదకవలెను. అప్పటికిని తేలనిచో ఒకరు నిచ్చెన మీదనుండి చెంబుతో నీరు పోయుచుండగా మరియొకరు లోపల చూడవలెను. చూరు వరుసతో మొదలిడి పైకి పోవలెను. పైనుండి పోసినచో నీరు అన్ని వరుసల మీదను పారి, దోషమెక్కడనో తెలియదు.

గోడ అడుగునుండి ఎగబ్రాకిన చెమ్మ నేలదే గాని కప్పుది కాదు. గోడ వెంట దూలము వరకు సన్నని మట్టి గీత పోయినచో అది చెదల బాట. దూలమును కొట్టి చూడుడు. డొల్ల శబ్దము వచ్చినచో పెంకు సర్దుటకంటె ముందు దూలము మార్చవలెను. గూనపెంకుటిండ్లకు కోతుల బెడద కూడ తక్కువ కాదు. చూరు క్రింద పెంకు ముక్కలు కనబడిన దినముననే పైవరుసలు చూచుకొనుట మేలు.

మంగుళూరు పెంకు అడుగున కర్మాగారపు అచ్చు ఉండును. 1865లో బాసెల్ మిషన్ వారు మంగుళూరులోని జెప్పులో ఈ పెంకుల కర్మాగారము పెట్టిన పిమ్మట మరి యెన్నో వెలసినవి; అన్నిటి అచ్చులు ఒక్కటి కావు. పగిలిన దానికి బదులు కొనునపుడు పాత పెంకును వెంట తీసికొనిపోయి, గాడిలో గాడి కూర్చుండునో లేదో చూడుడు.

రేకుల కప్పున బోల్టు చుట్టు తుప్పు చార ఉన్నచో వాషరు చెడినదని అర్థము. క్రొత్త బోల్టును రేకు మిట్ట మీదనే వేయవలెను; నీరు పారునది పల్లముననే గదా! సిమెంటు రేకు మీద ఎన్నడును కాలు మోపరాదు. గట్టిగా కనబడినను పాతబడినకొలది పెళుసై, మనిషి బరువుకు హఠాత్తుగా విరుగును. ఇట్లు పడి ప్రాణము కోల్పోయినవారు కలరు. బోల్టుల వరుసను బట్టి అడ్డదూలము ఎక్కడ ఉన్నదో పైనుండియే తెలియును. అయినను ఆ వరుస మీద నడుచుట చాలదు. దూలములకు ఆనునట్లు వెడల్పు పలకలు పరచి వాని మీదనే కదలవలెను. ఆస్బెస్టాస్ కలిసిన రేకును కోయుట, గీకుట తగదు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల క్యాన్సరునకు కారణమగును.

చూరు 12 అడుగుల ఎత్తున ఉన్నచో నిచ్చెన అడుగు గోడకు 3 అడుగుల దూరమున ఉండవలెను. నిచ్చెన పైభాగము చూరును 3 అడుగులు దాటవలెను. త్రాటితో బిగించి, క్రింద ఒకరిని నిలుపుడు. కరెంటు తీగ దగ్గర ఇనుప నిచ్చెన వాడరాదు. వానలో కప్పు కారినచో పైకి ఎక్కకుడు. బస్తాలను పక్కకు జరిపి, టార్పాలిను కప్పి, వాన వెలిసి కప్పు ఆరువరకు ఆగుడు.