కడబంతిలో కూర్చున్నవారు

"వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదు" అని మన సామెత. వినడానికి వేడుకగానే ఉంటుంది. కాని వడ్డించేవాడు మనవాడు కానప్పుడు కడబంతిలోని వాని గతి ఏమిటో ఆ సామెత చెప్పదు. ఆ జవాబు చెప్పవలసిన బాధ్యత క్రైస్తవ సంఘము మీద ఉన్నది.

మన రాయచూరు జిల్లా కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్నది. 1956 నవంబరు 1వ తేదీకి ముందు ఇది హైదరాబాదు రాష్ట్రములోనిది. ఆనాడు మైసూరు రాష్ట్రములో చేరినది. 1973లో ఆ రాష్ట్రమునకే కర్ణాటకమని పేరు వచ్చినది. మన పాత కుటుంబాలు కదలలేదు, ఎల్లలే కదిలినవి. తుంగభద్ర ఎడమ కాలువ నీరు పారిన తరువాత కోస్తా జిల్లాల రైతులు, కూలి కుటుంబాలు సింధనూరు, మాన్వి తాలూకాలకు వచ్చి క్యాంపులు వేసుకొన్నారు. అందుచేత ఇక్కడ ఒకే దేవాలయపు గడప తొక్కేవారిలో కన్నడిగులు, పాత తెలుగువారు, క్యాంపు తెలుగువారు కలిసి ఉంటారు. ఒకరికి జొన్నరొట్టె లేనిదే భోజనము కాదు. ఇంకొకరికి అన్నము లేనిదే కడుపు నిండదు. ఒకరు పుండి పల్య అన్నదానినే ఒకరు పుంటికూర అంటారు, మరొకరు గోంగూర అంటారు. ఆకు ఒక్కటే.

ఆకు ఒక్కటైనా పంక్తి ఒక్కటి కావడము కష్టము. కోతపండుగకో, క్రిస్మసుకో ప్రేమవిందు జరిగినప్పుడు గమనించండి. ఎవరి భాషవారు వారి పక్కనే కూర్చుంటారు. ఏ పేట వారు, ఎవరి తాలూకు అన్న పాత విచారణ నోట రాకపోయినా కంటిలో కనబడుతుంది. గరిటె తెలిసిన ముఖము దగ్గర నిలుస్తుంది, తెలియని ముఖము దగ్గర పరుగెత్తుతుంది.

ఇది కొత్త జబ్బు కాదు. అపొస్తలుల కార్యముల గ్రంథము ఆరవ అధ్యాయములో మొదటి సంఘపు తగవు ఇదే. యెరూషలేములో గ్రీకు మాట్లాడే యూదులు తమ విధవరాండ్రకు అనుదినము పెట్టే భోజనములో లోటు జరుగుతున్నదని హెబ్రీయుల మీద సణిగినారు. అపొస్తలులు వారిని కోపపడలేదు, ఓర్చుకొమ్మని నీతులు చెప్పలేదు. ఏడుగురిని ఎన్నుకొమ్మన్నారు. సంఘము ఎన్నుకొన్న స్తెఫను మొదలు నీకొలాసు వరకు ఏడు పేర్లూ గ్రీకు పేర్లే. అనగా, ఎవరికి అన్యాయము జరిగినదని ఫిర్యాదు వచ్చినదో వారి పక్షపువారి చేతికే గరిటె ఇచ్చినట్లు తోస్తుంది. మన సామెతకు ఇంతకంటె మంచి జవాబు లేదు.

మనకు దగ్గరలోని సంగతి ఒకటి. పాత హైదరాబాదు రాష్ట్రములోని దోర్నకల్లులో పనిచేసిన వి. ఎస్. అజరయ్యగారు 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడినారు. దొరలు దేశీయ సేవకుల కోసము ఎంతో త్యాగము చేసినా, వారిని తమ బల్ల దగ్గర కూర్చోబెట్టుకొనే స్నేహము మాత్రము కరువైనదని మొగమాటము లేకుండా చెప్పినారు. రెండేండ్లకు, 1912లో, ఆయనే ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు అయినారు. దొరల బల్లను గురించి ఆయన అన్నమాట నేడు మన చాపకు వర్తిస్తుందా లేదా అన్నదే ప్రశ్న.

ఆతిథ్యమంటే అప్పు చేసి పలావు పెట్టడము కాదు. సారెపతు విధవరాలి ఇంట ఉన్నది పిడికెడు పిండి, కొంచెము నూనె. ఆమె దానితోనే ఏలీయాకు రొట్టె చేసినది. పేతురుగారు కోరినదీ సణుగుకొనకుండా పెట్టమనే గాని, ఘనముగా పెట్టమని కాదు. ఏటా నవంబరులో వికారాబాదు దగ్గరి ధారూరు మెథడిస్టు జాతరకు మన వైపు నుండి కూడా జనము పోతారు. అక్కడ చెట్ల కింద మూడు రాళ్ల పొయ్యి మీద వండుకొన్న కూర పక్క గుడారమునకు పోతుంది. ఆ నాలుగు దినాల చనువు ఊరికి తిరిగి వచ్చిన తరువాత ఎందుకు నిలువరాదు?

చేయదగినవి పెద్ద పనులేమీ కావు. వడ్డించే జట్టులో అన్ని భాషలవారు, అన్ని పేటలవారు ఉండవలెను. మొదటి బంతి దూరపు పల్లెలవారికి, వృద్ధులకు, విధవరాండ్రకు. కమిటీ పెద్దలకు కడబంతి. తెల్లవారుజాము నుండి పొయ్యి దగ్గర కూర్చున్న అక్కలను కూర్చోబెట్టి, తిన్న మగవారు లేచి వడ్డించవలెను. ఇన్నేండ్లుగా అడుగంటిన అన్నము వారి వంతే అయినది.

పండుగ లేని దినాలకూ పని ఉన్నది. వైద్యమునకు పల్లెల నుండి, ఎల్ల అవతలి గద్వాల, మక్తల్ వైపు నుండి రాయచూరుకు రోగులు వస్తారు. రోగి మంచము మీద ఉంటాడు, వెంట వచ్చిన తల్లియో భార్యయో వరండాలో ఉంటుంది. ఆమెకు నాలుగు రొట్టెలు, ఇంత పప్పు, స్నానమునకు ఒక బిందెడు నీళ్లు చాలును. ఆదివారము ఆరాధన కాగానే "ఊరి నుండి ఎవరు వచ్చినారు?" అని అడిగే ఇంటివారు నలుగురున్నా ఆ సంఘములో పస్తుండేవారు ఉండరు. అడిగేటప్పుడు ఆమెకు వచ్చిన భాషలో అడిగితే, రొట్టెకంటె ముందు ఆ మాటే కడుపు నింపుతుంది.