మాట ఎక్కడినుంచి బయలుదేరుతుంది?

జంషెడ్‌పూర్‌లో మైకు లేని వేడుక ఉండదు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరంలో శ్రీరామనవమి అయినా, మార్చి 3న జంషెడ్జీ టాటా జయంతి అయినా మాట మనకు స్పీకర్‌లోంచే చేరాలి. తెలిసిన భాషలో ఒక అక్షరం జారిపోతే ఊహించుకుంటాం. బదిలీ మీద వచ్చి ఇంకా నేర్చుకుంటున్న భాషలో అలా ఊహించడం కష్టం. అందుకే స్పీకర్ల తయారీ మనకు తెలియాల్సిన సంగతే.

మామూలు స్పీకర్ పెట్టెలో బరువైన శబ్దాలకు కింద వూఫర్, సన్నని శబ్దాలకు పైన ట్వీటర్ ఉంటాయి. పని మారే చోటు తరచుగా 2000 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అక్కడ రెండూ కలిసి పలుకుతాయి. ‘కల’, ‘తల’ వంటి మాటలను వేరుచేసే హల్లుల గుర్తులు చాలావరకు ఆ ప్రాంతంలోనే, ఆపైనే ఉంటాయి.

ఒక చిన్న లెక్క చూద్దాం. శబ్దవేగం సెకనుకు సుమారు 345 మీటర్లు. 2000 హెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 17 సెంటీమీటర్లు. వూఫర్, ట్వీటర్ మధ్య దూరం 30 సెంటీమీటర్లు అనుకుందాం. పెట్టెకు సుమారు 17 డిగ్రీలు కిందికి కూర్చున్నవారికి రెండు శబ్దాల దారుల్లో అర తరంగం తేడా వస్తుంది. ఒకటి గాలిని నెడుతుంటే రెండోది లాగుతుంది. ఆ శబ్దం చాలావరకు రద్దవుతుంది. ఎత్తైన స్టాండు ముందు నేలమీద కూర్చున్న పిల్లలకు జరిగేది ఇదే.

దీనికి ఒక మందు కోయాక్సియల్ స్పీకర్. ఇందులో ట్వీటర్ వూఫర్ నడుమనే ఉంటుంది. లండన్‌కు చెందిన టానాయ్ సంస్థ 1947లో ఇలాంటిది తెచ్చింది. పెట్టె చిన్నదవుతుంది, పైనున్నవారికీ కిందనున్నవారికీ శబ్దం ఒకేలా అందుతుంది. అయితే చాలా నమూనాల్లో వూఫర్ కోనే ట్వీటర్‌కు బాకాగా పనిచేస్తుంది. కోను గట్టిగా ఊగితే బాకా కూడా ఊగి, సన్నని శబ్దం కాస్త చెదురుతుంది.

రెండో మందు పాయింట్ సోర్స్ హార్న్. అమెరికా ఇంజనీరు టామ్ డాన్లీ ఈ పద్ధతికి పేరు తెచ్చారు. ఒకే పెద్ద బాకా మొదట్లో ట్వీటర్ ఉంటుంది, మిగతా స్పీకర్లు బాకా గోడల్లోని రంధ్రాల గుండా పలుకుతాయి. వాటి మధ్య దూరం పావు తరంగానికి మించకపోతే అన్నీ ఒక్కటిగా పనిచేస్తాయి. 2000 హెర్ట్జ్‌కు ఆ పావు 4.3 సెంటీమీటర్లే! పైగా బాకా శబ్దాన్ని కావలసిన వైపుకే పంపుతుంది కాబట్టి గోడల ప్రతిధ్వని తగ్గుతుంది. కానీ 300 హెర్ట్జ్ తరంగం మీటరుకు పైగా పొడవు. దాన్నీ అదుపు చేయాలంటే బాకా నోరు కూడా దాదాపు అంత వెడల్పు ఉండాలి. బరువూ ఖర్చూ పెరుగుతాయి, రంధ్రాలు సన్నని శబ్దాన్ని కొంత చెరుపుతాయి.

కాబట్టి చిన్న గదికి కోయాక్సియల్, ప్రతిధ్వనించే పెద్ద హాలుకు హార్న్ నప్పుతాయి. మీకు దగ్గరలో ఉన్న స్పీకర్ ముందు ఒకసారి కూర్చుని, ఒకసారి నిలబడి వినండి. మాట మారితే కారణం ఇప్పుడు మీకు తెలుసు.