విరామానంతరం మరల రహదారిపైకి: లారీ డ్రైవరు పునర్నియామకం

భారతదేశంలో సరకుల రవాణాలో అధిక భాగం రోడ్ల మీదనే సాగుతున్నది. శ్రీనగర్ నుండి కన్యాకుమారి వరకు గల 44వ జాతీయ రహదారి ఆదిలాబాదు, హైదరాబాదు, కర్నూలు, అనంతపురం మీదుగా పోతుంది. కాశ్మీరు ఆపిలుపండ్లు, పంజాబు గోధుమలు, గుంటూరు మిరపకాయలు ఒక ప్రాంతపు పొలం నుండి మరొక ప్రాంతపు వంటింటికి చేరుతున్నవంటే, దాని వెనుక ఇల్లు విడిచి వారాల తరబడి తిరిగే లారీ డ్రైవరు శ్రమ ఉన్నది.

అయితే ఈ వృత్తి అందరికీ ఎడతెగకుండా సాగదు. తల్లిదండ్రుల అనారోగ్యం, ప్రమాదంలో తగిలిన గాయం, సేద్యపు పనులు, గల్ఫు ఉద్యోగం - ఏదో ఒక కారణాన డ్రైవరు రెండు మూడేండ్లు రహదారికి దూరమవుతాడు. తిరిగి వచ్చి పని అడిగినప్పుడు తనకు ఇరవై ఏండ్ల అనుభవం ఉన్నదని చెబుతాడు. యజమాని మాత్రం గడచిన మూడేండ్ల సంగతి అడుగుతాడు. ఈ రెండు మాటల మధ్యగల దూరాన్ని దాటడమే పునర్నియామకంలోని అసలు సమస్య.

గడువు మీరిన లైసెన్సు

మొదట చూడవలసినది లైసెన్సు. రవాణా వాహనం నడిపే లైసెన్సు పూర్వం 3 సంవత్సరాలకు ఇచ్చేవారు. మోటారు వాహనాల చట్టానికి 2019లో జరిగిన సవరణ దానిని 5 సంవత్సరాలకు పెంచింది. పెట్రోలు, రసాయనాల వంటి ప్రమాదకరమైన సరకులు మోసే వాహనాలకు మాత్రం గడువు 3 సంవత్సరాలే.

ఈ సవరణలోనే పాత డ్రైవర్లు తరచు గమనించని మరొక మార్పు ఉన్నది. గడువు తీరిన తరువాత ఐదేండ్ల లోపల వచ్చినా, పూర్వం పరీక్ష లేకుండానే లైసెన్సు పునరుద్ధరించేవారు. ఇప్పుడు ఆ అవకాశం ఒక్క సంవత్సరమే. అది దాటితే కొత్తవాని వలెనే డ్రైవింగు పరీక్షలో నెగ్గవలసి ఉంటుంది. గడువు తీరిన నాటి నుండి పునరుద్ధరణ జరిగేవరకు బండి నడిపే హక్కు కూడ లేదు. కనుక పనిలో లేకపోయినా లైసెన్సును సకాలంలో పునరుద్ధరించుకొనడం వివేకం. గడువు తీరడానికి ఒక సంవత్సరం ముందునుండే దరఖాస్తు చేయవచ్చు. రవాణా వాహనాల డ్రైవర్లకు ఎనిమిదవ తరగతి చదువు ఉండాలనే నిబంధనను 2019లోనే తొలగించినందున, తక్కువ చదివినవారు ఆ విషయమై వెనుదీయనక్కరలేదు.

కరీంనగర్, నిజామాబాద్, కడప వంటి జిల్లాల నుండి గల్ఫు దేశాలకు పోయి అక్కడ డ్రైవర్లుగా పనిచేసి వచ్చేవారు మరొక విషయం గుర్తుంచుకోవాలి. అక్కడి లైసెన్సు ఇక్కడి లైసెన్సుకు బదులు కాదు. పైగా అక్కడ వాహనాలు రోడ్డుకు కుడి ప్రక్కన నడుస్తాయి. ఏండ్ల తరబడి చేతులకు పట్టిన ఆ అలవాటు, నిద్రమత్తులోనో తొందరపాటులోనో ఒక్కసారి పైకి వచ్చినా చాలు, ప్రాణాపాయం.

కన్ను, దేహం

పునరుద్ధరణ దరఖాస్తుతో పాటు వైద్యుని ధ్రువపత్రం జతపరచాలి. మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుండి కారు నంబరు పలకను చదవగలడా, ఎరుపు ఆకుపచ్చ రంగులను గుర్తుపట్టగలడా, రేచీకటి కాని మూర్ఛ కాని ఉన్నదా అనేవి ఇందులో ముఖ్య ప్రశ్నలు. పని పోతుందనే భయంతో చూపు మందగించిన సంగతి దాచేవారు లేకపోలేదు. కాని కళ్లజోడు పెట్టుకొని పరీక్షలో నెగ్గడాన్ని నిబంధనలు అనుమతిస్తున్నవి. దాచిన లోపం ప్రమాదానికి దారితీస్తుంది. బయటపెట్టిన లోపానికి చాలమటుకు చికిత్స ఉన్నది.

మారిన మార్గం

చాల ఏండ్ల తరువాత వచ్చినవానికి రహదారి కొత్తగా కనబడుతుంది. 2017 జూలైలో జి.ఎస్.టి. రాగా రాష్ట్రాల సరిహద్దుల్లోని పన్ను చెక్‌పోస్టులు తొలగిపోయినవి. 2018 ఏప్రిల్ నుండి ఈ-వే బిల్లు వచ్చింది. సాధారణ సరకుకు 200 కిలోమీటర్లకు ఒక దినం చొప్పున దాని చెల్లుబాటు లెక్కిస్తారు. 2021 ఫిబ్రవరి నుండి టోలు గేట్ల వద్ద ఫాస్టాగ్ తప్పనిసరి అయినది. 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన పెద్ద లారీలలో డీజిలు ట్యాంకుతో పాటు పొగను శుద్ధిచేసే యూరియా ద్రావణపు ట్యాంకు కూడ ఉంటుంది. అది ఖాళీ అయితే ఇంజను శక్తి తగ్గిపోతుంది. పాత బండ్లపై ఆరితేరినవాడైనా ఇవి ఎరుగకపోతే దారి మధ్యలో నిలిచిపోతాడు.

యజమాని సందేహం, దానికి పరిష్కారం

యజమాని జంకును నిర్దయగా భావించరాదు. చెల్లని లైసెన్సు గలవానికి బండి అప్పగించడం నేరం. అట్టి సమయంలో ప్రమాదం జరిగితే, చెల్లించిన నష్టపరిహారాన్ని బీమా సంస్థ యజమాని నుండి రాబట్టుకొనవచ్చు. లారీ, అందులోని సరకు, దారిన పోయేవారి ప్రాణాలు - అన్నీ ఒక్కని చేతిలో ఉంటాయి.

కనుక తిరిగి వచ్చిన డ్రైవరు విరామాన్ని దాచక, కారణాన్ని ఉన్నదున్నట్లు చెప్పడం మంచిది. పూర్వపు యజమాని నుండి అనుభవపత్రం, ఆస్పత్రి కాగితాలు, చెల్లుబాటులో ఉన్న లైసెన్సు వెంట ఉండాలి. అంతకంటె నమ్మకం కలిగించేది, మొదటి నాలుగైదు ట్రిప్పులు రెండవ డ్రైవరుగా పోవడానికి ఒప్పుకొనడం. క్లీనరుగా చేరి పెద్ద డ్రైవరు ప్రక్కన కూర్చుండి పని నేర్చుకొనడం ఈ వృత్తిలో చిరకాలంగా వస్తున్న పద్ధతే. ఘాటు దిగేటప్పుడు న్యూట్రల్‌లో పోనీయక, తక్కువ గేరులో బండిని అదుపులో ఉంచడం వంటి మెలకువలు చేతికి మరల రావడానికి ఆ కొద్ది ట్రిప్పులు ఎంతో తోడ్పడతాయి.

యజమానికి కూడ బాధ్యత ఉన్నది. దూరప్రయాణాలలో సైతం దినానికి 10 గంటలు, వారానికి 54 గంటలు మించి పని చేయించరాదని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం నిర్దేశించింది. 2020 నాటి వృత్తి భద్రతా స్మృతిలో ఆ చట్టం లీనమైనా, దాని వెనుకనున్న హేతువు మారలేదు: అలసిన డ్రైవరు తనకే గాక, ఎదుటివారికి కూడ అపాయకారి. కొత్తగా తయారయ్యే లారీల క్యాబిన్లకు శీతలీకరణ సదుపాయం ఉండాలనే నిబంధన ఆ దృష్టితో వచ్చినదే.

లైసెన్సు కార్యాలయం చట్టబద్ధమైన అనుమతిని ఇస్తుంది, వైద్యుడు ఆరోగ్యాన్ని ధ్రువపరుస్తాడు. నమ్మకాన్ని మాత్రం డ్రైవరే తన నడవడితో తిరిగి సంపాదించుకోవాలి. ఆ అవకాశం అతనికి కల్పించినచో ఒక కుటుంబం నిలబడుతుంది. ఏండ్ల తరబడి కూడబెట్టిన నైపుణ్యం దేశానికి దక్కుతుంది.