649.8 మిల్లీమీటర్ల వాన: ముందే ఎంత తెలుస్తుంది?

2023 జులై 27 ఉదయం 8.30 గంటలకు ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలోని వర్షమాపకం 649.8 మిల్లీమీటర్లు చూపింది. అంతకు ముందు 24 గంటల్లో పడిన వాన అది. తెలంగాణలో ఒక్క రోజులో నమోదైన వానల్లో అదే అత్యధికం. 2013 జులై 19న వాజేడులో పడిన 517.5 మి.మీ. అప్పటిదాకా రికార్డు. 2023లో అదే రాత్రి పొరుగున జయశంకర్ భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మి.మీ. కురిసింది. తెల్లవారేసరికి మోరంచవాగు మోరంచపల్లిని ముంచెత్తింది. డాబాల మీదికి, చెట్ల మీదికి ఎక్కిన జనాన్ని పడవలు, హెలికాప్టర్లు తెచ్చి కాపాడాల్సి వచ్చింది.

ఈ వాన ముందే తెలుసా? సగం తెలుసు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందనీ, తెలంగాణలో అత్యంత భారీ వర్షాలు పడే అవకాశం ఉందనీ వాతావరణ శాఖ ముందే చెప్పింది. రెడ్ అలర్టూ ఇచ్చింది. ఫలానా ఊళ్లో 65 సెంటీమీటర్లు పడుతుందని ఒక రోజు ముందు నిక్కచ్చిగా చెప్పగల పద్ధతి మాత్రం ప్రపంచంలో ఎక్కడా లేదు. జిల్లాకు చెప్పగలిగిన మాట ఊరికి ఎందుకు చెప్పలేరన్నది అర్థమైతేనే వాతావరణ హెచ్చరికను సరిగ్గా చదవగలం. ఆ కారణాలన్నీ లెక్కల్లోనే ఉన్నాయి.

ముందు హెచ్చరికలోని మాటల సంగతి. రోజూ వార్తల్లో వినే ‘భారీ’, ‘అతి భారీ’, ‘అత్యంత భారీ’ అనేవి వర్ణనలు కావు, కొలతలు. 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మి.మీ. వరకు పడితే భారీ వర్షం. 115.6 నుంచి 204.4 వరకు అతి భారీ. 204.5, ఆపైన ఎంత పడినా అత్యంత భారీ. అంటే 210 మి.మీ. పడినా, లక్ష్మీదేవిపేటలోలా దానికి మూడు రెట్లు పడినా హెచ్చరికలో పేరు ఒకటే. చివరి మెట్టుకు పైకప్పు లేదు. రెడ్ అలర్ట్ చూసినప్పుడు మనసులో పెట్టుకోవాల్సిన మొదటి విషయం ఇది.

రెండో విషయం ‘ఒకటి రెండు చోట్ల’ అన్న మాట. ఒక ప్రాంతంలో ఉన్న వర్షమాపక కేంద్రాల్లో 25 శాతం లోపు చోట్ల వాన పడుతుందనుకుంటే ఆ మాట వాడతారు. 26 నుంచి 50 శాతమైతే కొన్ని చోట్ల, 51 నుంచి 75 అయితే అనేక చోట్ల, అంతకు మించితే చాలా చోట్ల. కాబట్టి ‘జిల్లాలో ఒకటి రెండు చోట్ల అత్యంత భారీ వర్షం’ అన్నారంటే, మిగతా ముప్పాతిక వంతు చోట్ల ఆ స్థాయి వాన పడదనే అర్థం. మా ఊళ్లో చినుకు పడలేదు, వాతావరణ శాఖ మాట ఎప్పుడూ ఇంతే అని కొట్టిపారేసేవాళ్లను ప్రతి వానాకాలం చూస్తున్నాం. చాలాసార్లు అంచనా నిజమే అయి ఉంటుంది, వాన పక్క మండలంలో పడి ఉంటుంది. అవకాశాన్ని చెప్పే మాటలకూ ఇలాగే కొలతలున్నాయి. 25 నుంచి 50 శాతం ఒక మాట, 50 నుంచి 75 శాతం దాని పై మాట, 75 దాటితే ఇంకా గట్టి మాట. ఈ శాతాలను తెలుగు బులెటిన్లలో అంకెలతో సహా అచ్చువేస్తే జనానికి ఎంతో మేలని నా గట్టి నమ్మకం.

ఆకాశంలో అంత నీళ్లుంటాయా?

ఉండవు. ఇదే చాలామందికి తెలియని సంగతి. వానాకాలంలో మన కోస్తా మీద, నేల నుంచి ఆకాశం పైదాకా గాలిలో ఉన్న ఆవిరినంతా ఒక్కసారి నీరుగా మార్చి కిందికి దింపితే 60, 70 మి.మీ.కు మించి రాదు. మరి 650 మి.మీ. ఎలా పడింది? తల మీది గాలి ఖాళీ అవుతున్న కొద్దీ సముద్రం వైపు నుంచి తేమగాలి వచ్చి చేరుతూ ఉండాలి. సుమారు పది ఆకాశాల నీళ్లు ఒకే చోటికి వచ్చి దిగాలి. అందుకే భారీ వర్షాన్ని అంచనా వేసేవారు మబ్బు ఎంత నల్లగా ఉందని చూడరు. తేమగాలి ఎటు నుంచి ఎంత వేగంతో వస్తోంది, ఎక్కడ గుమిగూడుతోంది, ఎంత బలంగా పైకి లేస్తోంది, ఆ అల్పపీడనమో వాయుగుండమో ఎంత నెమ్మదిగా కదులుతోంది అని చూస్తారు. కదలని వ్యవస్థ కన్నా ప్రమాదకరమైనది లేదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచగలదు కాబట్టి, వేడెక్కుతున్న భూమి మీద ఈ లెక్క ఏటా మనకు వ్యతిరేకంగా పెరుగుతోంది.

ఈ వివరాలు పోగుచేయడానికి విశాఖపట్నం, మచిలీపట్నం, హైదరాబాద్‌ లాంటి కేంద్రాల నుంచి బెలూన్లు వదులుతారు. ప్రపంచమంతా ఒకే వేళకు కొలవాలన్న నియమం ప్రకారం మన గడియారంలో ఆ వేళలు ఉదయం 5.30, సాయంత్రం 5.30. బెలూన్ 30 కిలోమీటర్ల ఎత్తు దాకా వెళ్లి పగిలేలోపు ఉష్ణోగ్రత, తేమ, గాలి వివరాలు పంపుతుంది. దాదాపు 36,000 కి.మీ. ఎత్తు నుంచి ఇన్‌శాట్ ఉపగ్రహాలు మబ్బులను చూస్తుంటాయి. వాటిలో ఇన్‌శాట్-3డీఎస్ 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచే వెళ్లింది. సముద్రం మీద వర్షమాపకాలు పెట్టలేం కాబట్టి అక్కడ ఉపగ్రహమే మన కన్ను.

ఈ కొలతలన్నీ సూపర్ కంప్యూటర్‌లోకి వెళ్తాయి. కంప్యూటర్ భూమినంతా గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో గాలి, వేడి, తేమ ఎలా మారతాయో భౌతికశాస్త్ర సూత్రాలతో లెక్కిస్తుంది. 2025 మే వరకు మన ప్రధాన నమూనాలో గడి వెడల్పు 12 కి.మీ. ఒక్కో గడి 144 చదరపు కిలోమీటర్లు. ఆ నెల 26న మొదలైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో అది 6 కి.మీ. అయింది, అంటే గడి 36 చదరపు కిలోమీటర్లకు తగ్గింది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ దాన్ని తయారుచేసింది. గడి వెడల్పును సగానికి తగ్గిస్తే పని రెట్టింపు కాదు, సుమారు ఎనిమిది రెట్లవుతుంది. పొడవులో రెట్టింపు గళ్లు, వెడల్పులో రెట్టింపు, పైగా లెక్క వేసే కాలం కూడా సగం సగం అడుగులుగా నడవాలి. అంత చేసినా ఒక ఉరుముల మబ్బు వెడల్పు కొన్ని కిలోమీటర్లే. 6 కి.మీ. గడిలో అది ఒక చుక్క. దాని ఆకారం, కదలిక కంప్యూటర్‌కు పట్టుబడాలంటే అది అనేక గళ్ల మీద పరుచుకుని ఉండాలి. జిల్లాకూ ఊరికీ మధ్య ఉన్న దూరం ఇక్కడ మొదలవుతుంది.

ఇంకో చిక్కు ఉంది. 1961లో అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ తన కంప్యూటర్ లెక్కను మధ్యలోంచి మళ్లీ నడపడానికి 0.506127కు బదులు 0.506 అని వేశారు. కొంతసేపటికి రెండు లెక్కల్లోని వాతావరణాలకూ పొంతన లేకుండా పోయింది. మొదట్లోని చిన్న తేడా పెరిగి పెద్దదవుతుందని ఆ రోజు తేలింది. మన కొలతలన్నిటిలోనూ అలాంటి చిన్న తేడాలు తప్పవు. అందుకే ఇప్పుడు ఒకే లెక్కను నమ్మకుండా, మొదటి విలువలను కాస్త కాస్త మార్చి అనేకసార్లు నడుపుతారు. వాతావరణ శాఖ 2018లో మొదలుపెట్టిన పద్ధతిలో అలాంటి లెక్కలు 21. వాటిలో 14 లెక్కలు ఒక జిల్లాలో అత్యంత భారీ వాన చూపిస్తే అవకాశం దాదాపు 67 శాతం. మూడే చూపిస్తే 14 శాతం. ఆ మూడింటినీ పారేయడానికి వీల్లేదు, ఒక్కోసారి నిజమయ్యేది అవే. కాగితం మీది అంకెకు అనుభవం తోడయ్యేది ఇక్కడే. ఆ ప్రాంతపు కొండలు, గాలి పోకడ, గతంలో ఇలాంటి అల్పపీడనాలు ఏం చేశాయో ఎరిగిన అధికారి చివరి మాట చెప్తారు.

చివరి మూడు గంటలు

వాన మొదలయ్యాక కంప్యూటర్ కన్నా రాడార్ మాటకు విలువెక్కువ. మూడు గంటల ముందు ఇచ్చే తక్షణ హెచ్చరికలకు ఆధారం డాప్లర్ రాడారే. అది పంపిన తరంగాలు చినుకులకు తగిలి వెనక్కి వస్తాయి. వచ్చిన బలాన్ని బట్టి వాన జోరు అంచనా వేస్తారు. చినుకు వ్యాసం రెట్టింపైతే వెనక్కి వచ్చే బలం 64 రెట్లవుతుంది. అందువల్ల పెద్ద చినుకులు కొన్ని ఉన్నా, చిన్న చినుకులు బోలెడు ఉన్నా తెర మీద ఒకేలా కనిపించవచ్చు. రాడార్ చెప్పిన అంకెను నేల మీది వర్షమాపకంతో సరిచూడక తప్పదు.

దూరంతో వచ్చే ఇబ్బంది అంతకన్నా పెద్దది. రాడార్ కిరణాన్ని అర డిగ్రీ మాత్రమే పైకెత్తి పంపినా, భూమి గుండ్రంగా ఉండటం వల్ల దూరం వెళ్లే కొద్దీ అది నేలకు ఎడమవుతుంది. 100 కి.మీ. దూరంలో కిరణం మధ్య భాగం దాదాపు ఒకటిన్నర కి.మీ. ఎత్తున, 200 కి.మీ. దూరంలో నాలుగు కి.మీ. ఎత్తున ఉంటుంది. లక్ష్మీదేవిపేట ప్రాంతం హైదరాబాద్ రాడార్‌కు సుమారు 180 కి.మీ. దూరం, మచిలీపట్నం రాడార్‌కు 250 కి.మీ. పైనే. అంటే హైదరాబాద్ నుంచి చూసినా ఆ రాత్రి మబ్బు పైభాగమే కనిపిస్తుంది. మూడున్నర కిలోమీటర్ల కింద, నేలకు దగ్గరగా వాన ఎంత చిక్కబడిందో ఆ కిరణానికి అందదు.

ఇక వర్షమాపకాలు. తెలంగాణలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. రాష్ట్ర విస్తీర్ణం 1,12,077 చదరపు కి.మీ. కాబట్టి సుమారు వంద చదరపు కిలోమీటర్లకు ఒకటి. చాలా రాష్ట్రాలతో పోలిస్తే ఇది మంచి ఏర్పాటే. లక్ష్మీదేవిపేటలో కేంద్రం లేకపోతే 649.8 అన్న అంకె మనకు తెలిసేదే కాదు. అంతకు మించిన వాన రెండు కేంద్రాల మధ్య అడవిలో పడి ఉంటే అది ఎవరికీ తెలియదు.

వాగు లెక్క

వాన పడటం వేరు, వాగు పొంగడం వేరు. వంద చదరపు కిలోమీటర్ల వాగు పరీవాహకంలో 600 మి.మీ. పడిందనుకుందాం. అది 6,000 కోట్ల లీటర్లు, అంటే 2.1 టీఎంసీలు. హిమాయత్‌సాగర్ సామర్థ్యం 2.97 టీఎంసీలు. ఆ జలాశయంలో మూడింట రెండొంతులు మించిన నీరు ఒక్క రోజులో ఒక చిన్న వాగు మీదికి వస్తుందన్నమాట. నేల అప్పటికే నానిపోయి ఏమీ ఇంకకపోతే, రోజంతా సమానంగా పారినా 24,000 క్యూసెక్కులు దాటుతుంది. వాన అంతా ఆరు గంటల్లో పడితే దానికి నాలుగు రెట్లు.

వాన మొదలైన ఆరు గంటల్లోపే వచ్చేదాన్ని ఆకస్మిక వరద అంటారు. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క ప్రకారం ఏటా 5,000 మందికి పైగా దీనికి బలవుతున్నారు. దీన్ని ముందే పసిగట్టడానికి 2020 అక్టోబరులో వాతావరణ శాఖ దక్షిణాసియా ఆకస్మిక వరద మార్గదర్శక వ్యవస్థను మొదలుపెట్టింది. భారత్, బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్, శ్రీలంకల్లోని 30,000కు పైగా చిన్న పరీవాహకాలను అది లెక్కిస్తుంది. ఒక్కో వాగుకు అది వేసే ప్రశ్న ఒక్కటే: ఈ వాగు గట్టు దాటాలంటే రాబోయే గంటలో, మూడు గంటల్లో, ఆరు గంటల్లో ఇంకా ఎంత వాన పడాలి? నేల ఎండి ఉంటే ఆ అంకె పెద్దది. వారం నుంచి ముసురు పట్టి ఉంటే చిన్నది. అంచనా వేసిన వాన ఆ అంకెను మించితే ప్రమాద హెచ్చరిక. నిన్నటి వానే నేటి వరదను తీర్చిదిద్దుతుందన్న సంగతి ఈ పద్ధతి లెక్కలోకి తెచ్చింది.

పెద్ద నదికి ఇంత ఆదుర్దా ఉండదు. భద్రాచలంలో గోదావరికి 43, 48, 53 అడుగుల దగ్గర మూడు ప్రమాద హెచ్చరికలున్నాయి. 2022 జులైలో నీరు 71.3 అడుగులకు చేరినా, ఎగువ నుంచి వరద వస్తున్న సంగతి ముందే తెలిసింది కాబట్టి లోతట్టు ఊళ్లను ఖాళీ చేయించే వ్యవధి దొరికింది. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, బ్యారేజీ చరిత్రలోనే ఎక్కువ. విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది మాత్రం ఆ కృష్ణా నది కాదు, బుడమేరు వాగు. 15,000 క్యూసెక్కులు పట్టే మళ్లింపు కాలువకు అంతకు రెట్టింపు మించి నీరొచ్చి గట్టుకు గండ్లు పడ్డాయి. గండి ఎక్కడ పడుతుందో ఏ వాతావరణ నమూనా చెప్పదు. ఆ బాధ్యత కట్టలను చూసుకోవాల్సిన వాళ్లది.

       

మళ్లీ మొదటి వాన దగ్గరికి వస్తే, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ అడవుల మీద నేలకు దగ్గరగా చూడగల రాడార్ కావాలి. ప్రతి ముఖ్యమైన వాగుకు ఎగువన వర్షమాపకం, నీటిమట్టం చెప్పే పరికరం కావాలి. ఇంతకన్నా చిన్న గళ్ల నమూనాల కోసం ఎదురుచూడనక్కర్లేకుండా ఈ రెండూ ఇప్పుడే చేయగలిగినవి.

ఇక చదువుతున్న మీకు ఒక మాట. మీ జిల్లాకు రెడ్ అలర్ట్ ఉన్న రోజు మీ ఊళ్లో ఎండ కాస్తున్నా, ఎగువ మండలాల్లో వాన ఎంతో అడగండి. వాతావరణ శాఖ వారి మౌసమ్ యాప్‌లో మూడు గంటల హెచ్చరిక చూడండి. రోడ్డు మీద వాగు పారుతుంటే ఆగిపోండి, అవతలి ఒడ్డు ఎంత దగ్గరగా ఉన్నా సరే. ఉరవడిగా పారే నీరు 30 సెంటీమీటర్ల లోతుంటే చిన్న కారును, 60 సెంటీమీటర్లుంటే దాదాపు ఏ కారునైనా ఈడ్చుకుపోతుంది.