తెరచాపలేని పడవపై చలిగాలి

శీతగాలిలో నావప్రయాణమనగానే మన మనస్సు కాకినాడకో, భీమునిపట్నమునకో పోవును. సముద్రము లేని సీమలో, తెరచాప కట్టని పడవలో కూర్చుండువారికి గాలితో పని యేమని తోచును. కాని గోదావరికి ఒక ఒడ్డున కరీంనగరము, మరియొక ఒడ్డున ఆదిలాబాదు ఉన్న సీమలో రేవు దాటినవారి అనుభవము వేరు. (ఈ రెండు పాత జిల్లాలును 2016లో పెక్కు జిల్లాలుగా విభజింపబడినవి, నది మాత్రము అట్లే మధ్య నున్నది.) వానకాలమున భయమంతయు నీటిది. పుష్యమాసము నాటికి నీరు శాంతించును. అప్పుడు పడవను పరీక్షించునది గాలి.

తెరచాప లేదనుకొనుటయే మన పొరపాటు. పడవ ప్రక్కలు, గడ్డిమోపులు, నిలుచున్న మనుష్యులు, కప్పుకొన్న దుప్పట్లు అన్నియు తెరచాపలే. గంటకు 18 కిలోమీటర్ల వేగముతో వీచు గాలి, తన కెదురైన చదరపు మీటరు వైశాల్యముపై సుమారు ఒకటిన్నర కిలోల బరువుతో ఒత్తును. వేగము 36 కిలోమీటర్లయినచో ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లై ఆరు కిలోలకు చేరును. పదిమంది నిలుచున్నచో ముప్పది కిలోలకు పైబడిన బలము పడవ అంచుకన్న ఎత్తున పనిచేసి దానిని ఒరగద్రోయును. "కూర్చోండి, కూర్చోండి" అని పడవ నడుపువాడు కేకలు వేయుట కోపముచేత కాదు. అతడు తెరచాపను దింపించుచున్నాడు. 2018 మే 15న తూర్పు గోదావరి జిల్లా మంటూరు దగ్గర గాలివానలో ఒక లాంచి మునిగి పలువురు మరణించిరి. అది వేసవి గాలి, ఆ నది లోతును వేరు. గాలి పడవనే తెరచాపగా చేసికొనునన్న సూత్రము మాత్రము ఒక్కటే.

ఇక దారి. ఆవలి రేవు ఎదుటనే కనబడుచుండగా పడవ ఎగువకు ఒడ్డు వెంట పోవుచుండుట చూచి క్రొత్తవారు విసుగుకొందురు. ఒడ్డు దగ్గర ప్రవాహము మందము, గెడకు నేల అందును. నది వెడల్పు 500 మీటర్లు, పడవ వేగము సెకనుకు ఒక మీటరు అనుకొన్నచో దాటుటకు ఎనిమిది నిమిషములకు పైగా పట్టును. ఆలోగా సెకనుకు అరమీటరు ప్రవాహము దానిని 250 మీటర్లు దిగువకు కొనిపోవును. ఆ దూరమును ముందే ఒడ్డు వెంట చెల్లించి పిమ్మట అడ్డముగా కోయుదురు.

శీతకాలమున ఇచట గాలి సాధారణముగా తూర్పు, ఈశాన్యములనుండి వీచును. ధర్మపురి వద్ద గోదావరి దక్షిణవాహిని. కనుక తూర్పుగాలి ఆదిలాబాదు ఒడ్డునుండి వచ్చి పడవకు అడ్డముగా తగులును. ధర్మపురికి వచ్చువారికి వాలుగాలి, తిరిగి పోవువారికి ఎదురుగాలి. దిగువన మంథని వైపు నది తూర్పునకు మళ్లిన చోట్ల గాలి ప్రవాహమున కెదురు నిలుచును. అప్పుడు అలలు పొట్టివై, నిటారై, పడవ ముక్కును కొట్టును. ఒకే గాలి రేవునకొక తీరుగ నుండును.

జలాశయములు వచ్చిన పిమ్మట మరియొక చిక్కు కలిగినది. గాలి అడ్డములేక నీటిపై ఎంత దూరము పరుగెత్తిన అల అంత పెరుగును. పూర్వము ఇసుకతిన్నెలు దానిని ఆపెడివి. శ్రీపాద ఎల్లంపల్లి జలాశయము నిండినపుడు తిన్నెలు మునిగి నీరు విశాలమగును. లోతు పెరుగుటచే గెడ అడుగంటదు. ప్రవాహము తగ్గినదని సంతసించుటకు వీలులేదు. గుండ్రని పుట్టిలో చేపలు పట్టు గంగపుత్రులకు ఇది మరింత కష్టము. పుట్టికి ముక్కు లేదు, వెన్ను లేదు. గాలి తగిలిన చోటనే తిరుగును.

చలి సంగతి వేరొకటి. గెడ ఎత్తినప్పుడెల్ల నీరు చేతులపై జారును, గాలి దానిని ఆర్చుచు వేడిని లాగికొనును. కొంత సేపటికి వ్రేళ్లు మొద్దుబారి పట్టు సడలును. నీటివలన గాక ఈ మొద్దుచేతులవలననే గెడ జారిపోవుట కలదు. ఒకరికొకరు గెడ మార్చుకొనుట సోమరితనమని మేము తలపము.

మరి ఎప్పుడు దాటవలెను? ఆకాశము నిర్మలముగా నున్న రాత్రి నేల వేడిని కోల్పోవును. చల్లని బరువైన గాలి నేలనంటి పడియుండును. కనుక మిక్కిలి చలివేయు తెల్లవారుజామే గాలి మిక్కిలి తక్కువగ నుండు వేళ. కాని అప్పుడు వెచ్చని నీటినుండి ఆవిరి లేచి ఆవలి ఒడ్డును కప్పివేయును. ఎండ ముదిరినకొలది నేల వేడెక్కి, పైనున్న వేగమైన గాలి క్రిందికి దిగును. బంగాళాఖాతమున వాయుగుండ మున్నపుడు మాత్రము ఈ లెక్క పనిచేయదు. మబ్బు క్రింద రాత్రియు ఈదురుగాలి వీచును. తక్కిన దినములలో పొగమంచు విడుచుటకును, గాలి లేచుటకును నడుమ ఒకటి రెండు గంటల వ్యవధి చిక్కును. రేవున చలిమంట చుట్టు కూర్చున్నవారు ఎదురుచూచునది దానికొరకే.