సహాయ శిబిరాలలో మహిళల భద్రత - ముందుజాగ్రత్తే నివారణ

యుద్ధాలు, అంతర్గత ఘర్షణలు, ప్రకృతి వైపరీత్యాలు సంభవించినపుడు ప్రజలు ఇల్లూ వాకిలీ విడిచి శిబిరాలలో తలదాచుకోవలసి వస్తుంది. పోలీసు, వైద్య, న్యాయ వ్యవస్థలు స్తంభించి, కుటుంబాలు చెల్లాచెదురైన ఆ సమయంలో మహిళలు, బాలికలపై లైంగిక హింస, గృహహింస, అక్రమ రవాణా, బాల్య వివాహాల ముప్పు పెరుగుతుంది. ఫిర్యాదులు అందలేదన్న కారణంతో హింస లేదని భావించరాదని, తొలి రోజు నుండే నివారణ చర్యలు చేపట్టాలని 2005లో జారీ అయి, 2015లో సవరించబడిన అంతర్జాతీయ మానవతా సహాయ మార్గదర్శకాలు నిర్దేశిస్తున్నాయి.

అత్యాచారం జాతి నిర్మూలన నేరంలో భాగం కాగలదని రువాండాపై ఏర్పాటైన అంతర్జాతీయ ట్రిబ్యునల్ 1998 సెప్టెంబరు 2న అకాయెసు కేసులో తీర్పు చెప్పింది. ఘర్షణల నివారణలోను, శాంతి స్థాపనలోను మహిళల భాగస్వామ్యాన్ని కోరుతూ ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి 2000 అక్టోబరు 31న 1325వ తీర్మానాన్ని ఆమోదించింది. లైంగిక హింసను యుద్ధ నేరంగా పరిగణించవచ్చునని 2008 జూన్ 19 నాటి 1820వ తీర్మానం పేర్కొన్నది.

నివారణకు అవసరమైన ఏర్పాట్లు చాలావరకు సాధారణమైనవే. సుడాన్‌లోని డార్ఫూర్‌లో వంటచెరకు కోసం శిబిరం దాటి వెళ్ళిన మహిళలు దాడులకు గురయ్యారు. బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ రోహింగ్యా శిబిరాలలో 2018 నుండి వంటగ్యాస్ పంపిణీ చేపట్టడంతో అడవికి వెళ్ళవలసిన అవసరం తగ్గింది. స్ఫియర్ ప్రమాణాల ప్రకారం ప్రతి 20 మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలి. పురుషులకు ఒకటి ఉన్నచోట మహిళలకు మూడు కేటాయించాలి. వాటికి లోపలి గడియ, తగిన వెలుతురు తప్పనిసరి. మంచినీటి వసతి నివాసానికి 500 మీటర్లలోపు ఉండాలి.

బాధితులకు వైద్యం అందించడంలో జాప్యం తగదు. హెచ్.ఐ.వి. నిరోధక మందులు 72 గంటలలోపు, అత్యవసర గర్భనిరోధక మాత్రలు 120 గంటలలోపు అందాలి.

భద్రతా దళాలలో మహిళల నియామకం మరొక ముఖ్యాంశం. ఐక్యరాజ్య సమితి శాంతిపరిరక్షణ చరిత్రలో తొలిసారిగా పూర్తి మహిళా పోలీసు దళాన్ని 2007లో లైబీరియాకు పంపిన ఘనత భారతదేశానిదే. 2016 వరకు అక్కడ సేవలందించిన ఈ దళం స్థానిక మహిళలు పోలీసు శాఖలో చేరేందుకు స్ఫూర్తినిచ్చింది.

మన దేశంలో 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, మతపరమైన అల్లర్ల సమయంలో జరిగే అత్యాచారాన్ని తీవ్ర నేరంగా పరిగణిస్తున్నది. అత్యాచార బాధితుల వివరాలు వెల్లడించడం 72వ సెక్షను క్రింద శిక్షార్హం. బాధితులకు ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ తక్షణమే ఉచిత వైద్యం అందించాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షను నిర్దేశిస్తున్నది.

శిబిరంలో పేరు లేకుండా ప్రచురించిన ఛాయాచిత్రం సైతం బాధితురాలిని ఇరుగుపొరుగుకు పట్టివ్వగలదన్న విషయాన్ని పాత్రికేయులు గుర్తించవలసి ఉంది. శిబిరం నమూనా రూపొందించే దశలోనే అక్కడి మహిళలను సంప్రదించడం అధికారుల కనీస బాధ్యత. దీపం, గడియ, మహిళా కానిస్టేబులు అనే మూడు ఏర్పాట్లు సకాలంలో జరిగితే అనేక దురాగతాలను ముందుగానే అరికట్టవచ్చును.